పసుపుకొమ్ము వాత

నాయనా,

నిన్న నీ తద్దినం పెట్టాము. ఈ రోజు పొద్దున అమ్మా నేనూ జట్కాలో పెద్దాసుపత్రికి వెళ్ళి వచ్చాము. చివరికి నిన్ను మంచాన పడేసిన ఆ నొప్పే నాకూ వచ్చింది. పిక్కల్లో నిప్పు పారినట్టు ఉంటుంది. చిక్కపేట డాక్టరు వాతమని మాత్రలిచ్చాడు, తగ్గలేదు. అప్పుడు అమ్మ, నీకు చేయించినట్టే, పసుపుకొమ్ము కాల్చి నా పాదం మీద వాత పెట్టించింది. నేను అరవలేదు.

"అచ్చం వాళ్ళ నాయన మాదిరే! కాలుస్తా ఉంటే కిమ్మనకుండా సుమ్మనే కూర్చోనుండాది" అని అమ్మ వీధంతా చెప్పుకుంది.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఆ మచ్చ చూసి, "కాల్చినప్పుడు నొప్పి తెలిసిందా తల్లీ?" అన్నాడు. కళ్ళు మూసుకోమన్నాడు. సూది గుచ్చగానే చెప్పమన్నాడు. చాలాసేపు ఎదురుచూసి, "ఇంకా గుచ్చలేదేం సార్?" అని అడిగాను. అమ్మ ఏడుపు వినబడి కళ్ళు తెరిచాను. పాదం మీద రక్తపు చుక్కలు.

ఏం జబ్బో ఆయనకూ ఇంకా తెలియదట. నరాలదేమో, పరీక్షలు చెయ్యాలన్నాడు.

"మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఇట్లా ఉండెనా?"

"వీళ్ళ నాయనకి సార్" అంది అమ్మ. "మేము ధైర్యమనుకుంటిమి."

ఇంటికొచ్చేసరికి నీ మనవరాలు పడుకుని ఉంది. దాని ఎడమపాదం గట్టిగా గిల్లాను. కెవ్వుమని లేచింది. ఆ ఏడుపు విని నాకు ప్రాణం లేచొచ్చింది. జోకొడితే మళ్ళీ నిద్రపోయింది.

కుడిపాదం గిల్లడానికి చెయ్యి రావడం లేదు, నాయనా.