నాలుగింటికి నిమిషం ముందు

ప్రియమైన ప్రశ్నల పుట్టకి,

ఈసారి ప్రశ్న అన్నయ్యది. ఫోన్లో అడిగితే నీ కరెంటు కంట్రోల్ రూమ్ హడావిడిలో సగం విని ఊ కొడతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మిల్లులో గోడ గడియారాలు ముప్పై ఏళ్ళుగా నా చేతిలోనే ఉన్నాయి కదా. అవి రోజూ సాయంత్రం నాలుగింటికి నిమిషం ముందుంటున్నాయనీ, షిఫ్టు గంట తొందరపడి మోగుతోందనీ కొత్త మేనేజరు గొడవ. నా గడియారాల దుకాణం తెరవకముందే, పొద్దున్నే వెళ్ళి చూస్తాను. ముల్లు సరిగ్గానే ఉంటుంది. ఆ మాటంటే అబద్ధాలకోరుని చూసినట్టు చూస్తున్నాడు. నెలాఖరులోగా తేల్చమన్నాడు. కంటి ఆపరేషన్ అయినప్పటినుంచి నా చూపు మీద నాకే గురి లేదు.

అవి ప్లగ్గు పెట్టి నడిపే పాతకాలం గడియారాలు. కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుంది. ఆ ఊపులు లెక్కపెట్టుకునే ముల్లు కదులుతుంది. ఈమధ్య మీ లైన్లలోకి ఎండ కరెంటూ గాలి కరెంటూ బోలెడు వస్తోందంటున్నారు. ఎండకీ నా ముల్లుకీ ఏమైనా చుట్టరికం ఉందా? మీ వదిన నవ్వుతోంది. నువ్వు నవ్వకుండా చెప్పు.

నీ అన్నయ్య


ప్రియమైన అన్నయ్యా,

నవ్వాను, ఏమీ అనుకోకు. ఆ ఊపు తప్పకుండా చూడటమే నా ఉద్యోగం. వాడకం కన్నా కరెంటు ఎక్కువైతే ఊపు వేగం పెరుగుతుంది, తక్కువైతే మందగిస్తుంది. కాబట్టి నీ అనుమానం తెలివైనదే. కానీ రోజూ ఉదయం ఆరింటికి, ఆ ఊపుతోనే నడిచే మా గడియారాన్ని అసలు టైముతో పోల్చి చూస్తాం. ఎండ కరెంటు వచ్చిన ఈ రెండేళ్ళలో తేడా రెండు సెకన్లు దాటలేదు. గ్రిడ్ నిలకడగా ఉందని రిపోర్టు రాసింది నేనే. దాన్ని పట్టుకునే వచ్చే నెల పాత బొగ్గు కరెంటు కేంద్రాన్ని ఆపేస్తున్నారు.

చెప్పడానికి మనసొప్పడం లేదు గానీ, లోపం మా వైపు లేదు అన్నయ్యా. ఒకసారి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిరా. నామీద కోపం తెచ్చుకోకు.

నీ చెల్లి


ప్రియమైన చెల్లీ,

కోపం లేదు. నువ్వు చెప్పావంటే నాకు అంతే. ఉత్తరం అందిన మర్నాడే మిల్లు తాళాలు ఇచ్చేశాను. ఉండమని ఎవరూ అనలేదు. రెండు రోజులు దుకాణం కూడా తెరవలేదు, నిజం చెప్తున్నాను.

తర్వాత డాక్టరు దగ్గరికి వెళితే చూపు భేషుగ్గా ఉందన్నాడు. ఇక ఉండబట్టలేదు. దుకాణంలో ఒక ప్లగ్గు గడియారం, పక్కనే కీ ఇచ్చి నడిపే నా మంచి గడియారం పెట్టుకుని తొమ్మిది రోజులు కూర్చున్నాను. గంటగంటకీ రాసుకున్నాను. మధ్యాహ్నానికి ప్లగ్గుది అర నిమిషం ముందుకెళ్ళింది. నాలుగింటికి నిమిషం. పొద్దు వాలాక అదే వెనక్కి జారింది. తెల్లారేసరికి రెండూ సమానం. మబ్బు పట్టిన మంగళవారం అసలు తేడాయే రాలేదు. ఆదివారం మిల్లూ ఆఫీసులూ మూత, పైన మండే ఎండ. ఆ రోజు నిమిషంన్నర.

నా కళ్ళే మోసం చేస్తే మబ్బు రోజు ఒకలాగా, ఆదివారం ఇంకోలాగా చేస్తాయా? పొద్దున్నే చూసేవాళ్ళం నువ్వూ నేనూ. మధ్యాహ్నం ఎప్పుడైనా చూశావా? పుస్తకం ఇందులోనే పెడుతున్నాను.

అన్నయ్య


అన్నయ్యా,

చూడలేదు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు.

నీ పుస్తకం అందిన రోజే గంటగంట లెక్కలు తెరిచాను. అవన్నీ మా మెషీన్లోనే ఉన్నాయి, ఎవరికీ తీయాలని తోచలేదంతే. మధ్యాహ్నం ఎండ కరెంటు పొంగుతోంది, గడియారం పరుగెడుతోంది. సాయంత్రం ఎండ తగ్గి ఇళ్ళలో లైట్లు వెలిగేసరికి కరెంటు చాలక వెనకబడుతోంది. ఆరింటికి కూడికా తీసివేతా సరిపోయి సున్నా వస్తోంది. ఆ సున్నాని నేను నిలకడ అనుకున్నాను.

ఆ ఊగిసలాటకి ఇప్పుడు పగ్గం వేస్తున్నది పాత కేంద్రంలో తిరిగే బరువైన చక్రాలు. వాటి పని చేసే బ్యాటరీలు పెట్టకముందే ఆపేసి ఉంటే, ఏదో ఒక ఆదివారం సాయంత్రం ఊళ్ళకి ఊళ్ళే చీకటయ్యేవి. తప్పు ఎండది కాదు, మధ్యాహ్నం మిగిలింది సాయంత్రానికి దాచుకోని మాది. రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. ఇది ఎవరు పట్టుకున్నారని పెద్ద ఇంజినీరు అడిగితే, గడియారాలు బాగుచేసే మా అన్నయ్య అని చెప్పాను. బ్యాటరీలు వచ్చేదాకా కేంద్రం నడుస్తుంది.

మేనేజరుకి సంతకం చేసి, సీలు వేసి అంతా వివరంగా రాశాను. నా లెక్కని నమ్మి నీ కళ్ళని అనుమానించాను. దానికి ఏ సీలు వేయాలో తెలియడం లేదు.

నీ చెల్లి


ప్రియమైన చెల్లికి,

నీ ఉత్తరం మేనేజరు రెండుసార్లు చదివాడు. లేచి నిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత నింపాదిగా, "అంటే ఆ ప్లగ్గు గడియారాలని నమ్మకూడదన్నమాట" అన్నాడు. అవన్నీ తీసేసి వాటంతటవే టైము దిద్దుకునే కొత్తవి పెడుతున్నారు. వాటికి మేస్త్రీ అక్కర్లేదు. నా మాట నిజమని తేలిన రోజే ఆ పని మళ్ళీ దొరుకుతుందన్న ఆశా పోయింది. మీ వదిన తిట్టాలో మెచ్చుకోవాలో తెలియక టీ పెట్టింది.

నువ్వు బాధపడకు. నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆపరేషన్ అయినప్పటినుంచి చిన్న చేతి గడియారాలు తీసుకోవడం మానేశాను. వెంట్రుకలాంటి స్ప్రింగు, కంటికి ఆనదేమోనని భయం. ఎవరడిగినా సామాన్లు దొరకడం లేదని అబద్ధం చెప్పేవాణ్ణి.

నిన్న ఒకటి తీసుకుని విప్పాను. ఇప్పుడు నా చెవి దగ్గర నడుస్తోంది.

నీ అన్నయ్య