గురువుగారికి జలుబు చేసింది

నవంబర్ 9
మా ఊరు జొంజులో చలి మొదలైంది. పాట సాధన మధ్యలో మా గురువుగారు తుమ్మారు. పేరు ప్యో మల్లే, డెబ్భై దాటిన ఆవిడ. ముక్కు తుడుచుకుని మళ్ళీ పై స్వరం అందుకున్నారు.

నవంబర్ 11
గొంతులో గరగర. తేనె పోసి బేరిపండు ఉడికించి ఇచ్చాను. తిని, దీంతో జలుబు పోదే హేవన్, నోరు తీపవుతుందంతే అన్నారు.
శనివారం ప్రోగ్రాం. పాతకాలపు కథ మొత్తం, మూడు గంటలు, డోలు తోడుగా ఒక్కరే పాడాలి. ఆవిడ అలా పాడి చాలా ఏళ్లయింది. టికెట్లన్నీ అయిపోయాయి.

నవంబర్ 12
గొంతు పోయింది.

అదే రోజు, మధ్యాహ్నం
డాక్టర్ బాంగ్ కెమెరా పెట్టి చూశాడు. వైరస్సే, స్వరపేటిక వాచింది, యాంటీబయాటిక్‌తో పనిలేదు, మాట్లాడకండి, గుసగుసలు కూడా వద్దు అన్నాడు. పాడితే, అని నేనే అడిగాను. ఇక ఎప్పటికీ పాడలేకపోవచ్చు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఫోన్‌లో ఒక్క వేలితో టైప్ చేసి చూపించారు: గొంతు పోయింది, బుద్ధి పోలేదు. శనివారం నువ్వు పాడు. డోలు నేను వాయిస్తా.

నవంబర్ 13
హాలు మేనేజర్ నాంగుంగ్ వచ్చి బతిమాలాడు. వాపు తగ్గే ఇంజెక్షన్ ఒక్కటి చేయించుకుని పాడండి గురువుగారూ, వెనకటివాళ్లు రక్తం కక్కుతూ పాడేవాళ్లట అన్నాడు. ఆవిడ జవాబు టైప్ చేశారు: వాళ్లలో ఎందరు మూగవాళ్లయ్యారో అది కూడా చెప్పు నాయనా.
అతను పోస్టర్ మీద నా పేరు రాయించడానికి వెళ్ళాడు. నేను రాత్రంతా కథ మొదటి నుంచి వల్లె వేశాను.

నవంబర్ 15
పాడాను.
పాడేవాళ్లకు ఊపిరి పోసేది డోలు వాయించేవాళ్లు మధ్యమధ్యలో అనే భళా. ఈరోజు ఆ నోరు మూతపడి ఉంది. సగం కథలో ఒక మాట మరిచిపోయాను. డోలు ఆగలేదు. అదే తాళం మళ్ళీ తిప్పారు, ఇంకోసారి తిప్పారు, అక్కడ అలాగే ఉండాలన్నట్టు. తొందర లేదు, నావైపు చూపైనా లేదు. మాట దొరికింది. వెనక వరుసలో ఒక ముసలావిడ, భళా తల్లీ, అలా చెప్పు, అని అరిచింది. తర్వాత హాలంతా అందుకుంది.
గురువుగారు తన కోసం వచ్చిన జనాన్ని నాకిచ్చేసి, ఎర్రటి ముక్కుతో, ఒళ్లో రుమాలుతో పక్కన కూర్చున్నారు. నాకైతే అంత మనసు లేదు.

నవంబర్ 24
గొంతు వచ్చింది. పాతది కాదు. కిందికి దిగింది, అంచుల్లో బొంగురు. నాకు భయమేసింది. ఆవిడ కాసేపు తన గొంతును తానే విని, ఎవరో కొత్తావిడ వచ్చిందే, దీనికి మొదటి నుంచి నేర్పాలి అన్నారు.
బాసింపట్టు వేసుకుని, పిల్లలకు చెప్పే మొదటి పాఠం ఎత్తుకున్నారు.