ముందు వరస

బెల్లంపల్లి, ఆగస్టు 1962. మంగళవారం రాత్రి.

కార్మికుల సాయంత్రం బడి నా చేతికొచ్చి రెండు నెలలు. బొగ్గు గనిలో పనిచేసే నాకు బడి నడపడం ఎవరు నేర్పారు? సర్కారు బడి హెడ్మాస్టరును అడిగి బడి నిర్వహణ పుస్తకం తెచ్చుకున్నాను. మూడుసార్లు చదివాను. చదువులో వెనకబడ్డవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టాలని రాశారు. నిన్న అట్లాగే చేశాను.

మా ముఠా పెద్ద రాజన్నకు ఇంకా అక్షరాలు రావు, అందుకని ముందు కూర్చోబెట్టాను. ఆయన చేతి కింద బొగ్గు ఎత్తే అల్లుడు చదవగలడు, వాడు వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రాజన్న పలక కింద పెట్టి లేచి పోయాడు. పెద్ద లేస్తే ముఠాలో ఎవరూ కూర్చోరు. పన్నెండు మందీ పోయారు.

ఈ రోజు ఒక్కరూ రాలేదు. ఈ వారమంతా ఇట్లాగే ఉంటే గని ఆఫీసువాళ్లు బడికిచ్చిన గది తీసేసుకుంటారు. బడి వేళకు ముందే, షిఫ్టు దిగాక రాజన్నను ఆపాను.

"మామా, పుస్తకంల గట్లనే ఉన్నది."

"గా పుస్తకం రాసినోడు గనిల దిగిండా? ఏం రానోడని నన్ను అల్లుని ముంగట కూసోవెడితివి. రేపు పైకప్పు కూలుతుందని నేను ఒర్రితె, ఎవడన్న ఉరుకుతడా సారూ?"

నిన్న రాత్రి నుంచీ పుస్తకం రాసినవాడి మీద, రాజన్న మీద మండిపోతూ ఉన్నాను. ఇప్పుడు ఆ కోపమేమీ లేదు. సాయంత్రం గది తెరిచి, దీపం పెట్టి, ఖాళీ చాపల ముందు ఊరికే కూర్చున్నాను.

రేపు మొదటి షిఫ్టు. రాజన్న ఒర్రితే, ఆ కేకకు నేను ఉరుకుతాను. అల్లుడు ఉరుకుతాడో లేదో.