డాబా మీది నల్లపూసలు

మంగళవారం

పొద్దున డాబా తూము దగ్గర పేరుకున్న మట్టిలో అయస్కాంతం తిప్పితే, ఆవగింజలో పదో వంతు కూడా లేని నల్లటి గుండ్లు అంటుకున్నాయి.

“నల్లపూసలు మెడలో ఏసుకోవాలి గానీ సీసాలో దాస్తారేటే?” అని అమ్మ ఎగతాళి చేసింది.

జీవం పుట్టడానికి కావలసిన సరుకును కొంత అంతరిక్ష ధూళే భూమికి మోసుకొచ్చి ఉండవచ్చని, అది ఇలాగే ఉంటుందని ఒక పుస్తకంలో చదివాను. రేపు చీపురుపల్లి కాలేజీలో వీటిని చూపిస్తూ మాట్లాడాలి. అందరి ముందు నోరు విప్పడం నాకు ఇదే మొదటిసారి.

కానీ నమ్మకం కుదరడం లేదు. అంత అరుదైనది ఒక్క పూటలో చెంచాడు ఎలా దొరికింది? ఇనుము కరిగి చిమ్మినా ఇలాంటి గుండ్లే అవుతాయని అదే పుస్తకంలో ఉంది. రేపు మాట్లాడమన్న మా సైన్స్ సార్‌కు ఆ పేజీ చూపించలేదు.

మా కింది వాటాలో నాన్న వెల్డింగ్ షాపు నడుపుతున్నారు.