గుడ్డ కుక్కిన సైరన్

అన్నయ్యా,

గ్యాస్ సైరన్ మోగినా ఆ రోజు నువ్వెందుకు బయటికి రాలేదు? నువ్వు పోయిన దగ్గర్నుంచీ ఇదే ప్రశ్న. ముప్పు తెలిసీ మనుషులు ఎందుకు కదలరో చదవాలని, నలభై దాటాక ఇంజనీరు ఉద్యోగం వదిలి బిహేవియరల్ ఎకనామిక్స్ ఎమ్మేలో చేరుతున్నాను.

ఈరోజు ఆటోనగర్ ఫ్యాక్టరీలో నాకు ఆఖరి రోజు. నువ్వు పనిచేసిన షెడ్డుకి వెళ్తే, సైరన్ మూతిలో మళ్ళీ గుడ్డ కుక్కి ఉంది, లోపల అది సన్నగా మోగుతూనే ఉంది.

"ఇదేంటి అప్పన్నా?" అని ఆపరేటర్‌ని అడిగాను.

"ఊరికే మోగుతంది మేడమ్, సెవులు పోతన్నాయి. సదువుకి ఎలిపోతన్నారు, మీకేటి?" అని నవ్వాడు.

నేను గుడ్డ లాగేసరికి ఆ మోత షెడ్డంతా నిండింది. ఒక్కరూ తలెత్తలేదు. మీటరు చూశాను. గ్యాస్ లేదు, ఈసారికి.

నేను గేటు చేరేలోపే ఆ మోత అణిగిపోయింది. మళ్ళీ కుక్కేశారు.

సోమవారం క్లాసులు. వెళ్ళాలో, ఇక్కడే ఉండి రోజూ ఆ గుడ్డ లాగుతుండాలో ఇంకా తేల్చుకోలేకపోయాను.