రాజమాత అనని మాట

సిద్దిపేట,
ఆదివారం పొద్దున.

దీక్షిత నాయినకు,

సింధూజ రాస్తున్నది. ఇక్కడ అత్తమ్మ, దీక్షిత, నేను ముగ్గురం బాగున్నాం. ఒంటికి బాగున్నామని అర్థం, నా తలకాయ సంగతి వేరే. మీరూ వేళకు తింటున్నారని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకండి. ఇవి మీ మరమగ్గాల కార్ఖానాలో, ఆ సాంచాల చప్పుడు మధ్య ఫోనులో అరిచి చెప్పే మాటలు కావు. బాలరాజన్న సాయంత్రం భివండి బస్సెక్కుతున్నాడు, చింతకాయ తొక్కు డబ్బాతో పాటు ఇదీ పంపుతున్నాను.

పోయినసారి మీ మెసేజీలో అడిగినవాటికి ముందు జవాబు. వంటింటి మీద కొత్త రేకు వేయించాను, ఇప్పుడు కారడం లేదు. అత్తమ్మ మోకాళ్ళకు గోలీలు వాడుతోంది. నీ గొంతెందుకు బొంగురుపోయింది, జలుబా అని రాశారు. జలుబు కాదు మహానుభావా, 'చందన్‌గఢ్ కోట'.

ఎనిమిదేళ్ళు నడిచి, ఐదేళ్ళ కింద ఆగిపోయిన ఆ రాజుల సీరియల్ మళ్ళీ మొదలైంది. భివండిలో మీరంతా హిందీలో చూసిందే. ఇక్కడ దానికి తెలుగు మాటలు అతికించి వేస్తున్నారు. వస్తోందని టీవీలో చూపిన రోజు నుంచే అత్తమ్మకు పండుగ. ఏడున్నరకు సీరియలైతే ఆరున్నరకే రొట్టెలు అయిపోవాలి. ఏడింటికి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని కూర్చుంటుంది, రాజమాత మన ఇంటికే చుట్టపుచూపుగా వస్తున్నట్టు. ఏముంది అందులో? అదే కోట, అవే నగలు. ఒకరు తలుపు తీస్తే పదిమంది మొహాలు మూడేసి సార్లు చూపిస్తారు. యువరాజు విషం తాగి ఐదేళ్ళయింది, ఇంకా చావలేదు. రాజమాతకు ఒక్క వెంట్రుక తెల్లబడలేదు, నాకే తెల్లబడుతున్నాయి.

అత్తమ్మకు వినబడదు కాబట్టి ఆ మాటలన్నీ నేనే చెప్పాలి. ఎదురుగా పీట వేసుకుని, ఆమె వైపు మొహం పెట్టి గొంతు చించుకోవాలి. "గట్టిగ జెప్పు, గాలి ఊదినట్టు జెప్తవేంది?" అంటుంది. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు అంటారే, ఆ శంఖం నేనే. పక్కింటి ప్రమీలక్క గోడ మీద నుంచి, "సింధూ, మేం టీవీ వెట్టుడే బందువెట్టినం, నీ నోట్లకెల్లే ఇంటున్నం" అని ఎగతాళి. చెవి మిషను కొందామంటే అత్తమ్మ వినదు. "నా చెవులు సాంచాలకిచ్చి వచ్చిన, ఇగ మిషనెందుకు?" అని మొండికేస్తుంది.

ఇక బడి సంగతి. చిన్నకోడూరు రోడ్డు మీది బడిలో లెక్కలు చెప్పడానికి రమ్మన్నారని చెప్పాను కదా. రేపు సోమవారం చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. బి.ఇడి. చదివి ఆరేళ్ళుగా ఆ కాగితాన్ని బీరువాలో దాచుకున్నాను. 'అమ్మకు మెల్లగా నచ్చజెప్పు' అని రాశారు మీరు. ఆ మెల్లగా ఎట్లనో కూడా రాయాల్సింది! ఎప్పుడడిగినా ఆమెది ఒకటే పాట. "ఇంటి కోడలు బయటికి వోతె ఇల్లు బావురుమంటది." మొన్న వీడియో కాల్‌లో 'మీ అమ్మది వట్టి మూర్ఖత్వం' అని మీతో గుసగుసలాడింది ఆ కోపంలోనే. అప్పుడామె పక్కనే కూర్చుని చిక్కుడుకాయ తుంచుతోంది.

ఇప్పుడు మీకు దాచిన సంగతి రాస్తాను, తిట్టకండి. మూడు వారాల కింద సీరియల్లో చిన్నకోడలు తానూ దర్బారులో కూర్చుంటానంది. రాజమాత కళ్ళెర్రజేసి, గడప దాటితే కాళ్ళు విరగ్గొడతానంది. నాకు ఒళ్ళు మండింది. అత్తమ్మేమో "ఏమన్నది, ఏమన్నది?" అని నా మోకాలు తడుతోంది. 'వెళ్ళు తల్లీ, కోటను నేను చూసుకుంటాను' అన్నదని అరిచాను.

ఆ రోజు నుంచి రాజమాత నేను పలికించినట్టే పలుకుతోంది. చదివిన చదువును పెట్టెలో పెడితే చెదలు పడుతుందన్నది. కొడుకును పరదేశం పంపినదాన్ని కోడలిని పక్క ఊరికి పంపలేనా అన్నది. "మొకం గట్ల ఉరుముతుంది, మాట గింత మెత్తగున్నదేంది?" అని అత్తమ్మ ఒకసారి అడిగింది. రాజుల ఇళ్ళలో అంతేనని బుకాయించాను. ఆమె తల ఊపుతుంటే పని అవుతోందని మురిసిపోయాను. తప్పే. ఆమె చెవిటితనాన్ని వాడుకున్నాను, సిగ్గుగానే ఉంది.

నిన్న సీరియల్ అయిపోగానే అత్తమ్మ టీవీ బందు చేసి నావైపు తిరిగింది.

"సింధూ, గా రాజమాత అట్ల అన్లే. టాంగ్ తోడ్ దూంగీ, కాళ్ళిరగ్గొడ్త అన్నది."

నీకెట్లా తెలుసని అడిగాను.

"ముప్పై ఏండ్లు భివండిల సాంచాల నడుమ పని జేసిన. ఆడ ఎవ్వలికి ఎవ్వలి మాట ఇనబడది. పెదవులు జూసుకుంటనే ముచ్చట వెట్టుకుంటం. గాళ్ళు మాట్లాడేది హిందీనే గద."

తెలుగువాళ్ళు గొంతులు మార్చారు గానీ పెదవులు మార్చలేదు! అంటే నేను ఇన్నాళ్ళు అరిచిందంతా దండగ. మన వీడియో గుసగుసలన్నీ ఆమెకు తెలుసు. మీరు ఆ సాంచాల మధ్యే పుట్టి పెరిగారు కదా, ఒక్క మాట నాతో అంటే మీ సొమ్మేం పోయేది?

"మరి నాతోని ఎందుకు జెప్పిచ్చుకున్నవ్ అత్తమ్మా?" అని అడిగాను.

"చెవులు వోయినంక నాతోని ఎవలు మాట్లాడుతున్రు బిడ్డా? తిన్నవా, గోలేసుకున్నవా, గంతే. గా అర్ధగంట నువ్వు నా మొకం జూసుకుంట మాట్లాడుతవ్. బడికి వోయి అలిసొస్తే గదీ ఉండదేమో అని..." అని ఆగిపోయింది.

కోపమంతా ఎటు పోయిందో, నాకు ఏడుపొచ్చింది. ఆమె అన్నది నిజం. తిన్నావా, గోలీ వేసుకున్నావా, అంతకు మించి నేను ఏనాడు మాట్లాడాను?

రేపు బడిలో చేరుతున్నాను. ఆమే చేరమన్నది. ఏడున్నరకు మాత్రం నా పీట మీద నేనుండాలి. ఈ పొద్దున చాయ్ తాగుతూ, "ఇగ మీద రాజమాత ఉన్నదున్నట్టే జెప్త" అన్నాను, అరవకుండా, మామూలు గొంతుతోనే. అత్తమ్మ కసురుకుంది.

"వద్దు. గా రాజమాత నాకు కనబడుతనే ఉన్నది. నువ్వు నీ రాజమాతనే జెప్పు. ఆమెనే మంచిది."

ఇట్లు,
మీ అమ్మ కోడలు,
సింధూజ