టేపుకు ఎత్తిన చెయ్యి

తార్నాక
బుధవారం, ఆగస్టు 1968

కోపం ఇంకా దిగలేదు.

పోయిన వారం మా డిపార్ట్‌మెంట్ హెడ్డు, ఆకులు ఎండతోని తిండి ఎట్ల తయారు చేసుకుంటయో చెప్పే నా బాటనీ పాఠాన్ని టేప్ రికార్డర్‌లో ఎక్కించిండు. ఇయ్యాల ఆ మిషన్‌ను క్లాసులో బల్ల మీద పెట్టి, నన్ను వెనక బెంచీలో కూర్చోమన్నడు. ముందర నా గొంతు పాఠం చెప్తున్నది, వెనక నేను వింటున్న.

సగంలో ఎస్తేరు చెయ్యి ఎత్తింది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ పిల్ల. చేరిన నాటి నుంచి నోరు విప్పలేదు. మిషన్ ఆగలేదు. ఎవరో నవ్విన్రు. ఆ పిల్ల చెయ్యి దించబోయింది.

నేను పోయి టేపు ఆపేసిన. "అడుగమ్మా" అన్న.

"మేడం, ముసురు పట్టిన రోజులల్ల చెట్టు ఏం తింటది?"

ఎంత మంచి ప్రశ్న! అరగంట బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పిన.

తర్వాత హెడ్డు గదికి పిలిచిండు. "అంతా పాడు చేసినవమ్మా. రేపు ప్రతి కాలేజీకి టేపులే పోతయ్. రాష్ట్రానికి ఒక్క లెక్చరర్ చాలు."

"పిల్లలు ఏమన్న అడిగితే, సార్?"

"కాగితం మీద రాసి పంపుతరు."

ఎస్తేరు రాస్తదా? ఆ చెయ్యి లేవడానికే రెండేండ్లు పట్టింది!

మిగతా పాఠాలు రికార్డు చెయ్యనని చెప్పేసిన. ఆయన నా ఫైలు తెరిచిండు. నాదేమో టెంపరరీ పోస్టు. వచ్చే ఏడు...

బస్‌స్టాప్‌ల ఎస్తేరు నిలబడి ఉన్నది. "మేడం, ఇంకోటి అడగాలె" అన్నది.

రెండు బస్సులు వదిలేసినం.